స్పెసిఫికేషన్ షీటు చదవడం ఎలా? హైదరాబాద్‌లో ఇల్లు కట్టించుకునేవాళ్లకు, ఫ్లాటు కొనేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

కాంట్రాక్టర్ ఇచ్చిన రెండు పేజీల కాగితం పట్టుకుని "ఇందులో ఏం చూడాలి?" అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. అడుగుకు ఎంత అని బేరమాడటం మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా ఆ కాగితం మీద పెట్టరు. తర్వాత వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం మాత్రం అందులో రాయని మాటల దగ్గరే మొదలవుతాయి.

సైటులో నిలబడి చెక్ చేయలేని వాక్యం స్పెసిఫికేషన్ కాదు. కింద చెప్పేదంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది.

## 1. ముందు కాగితాలన్నీ ఒక చోట పెట్టండి

స్పెసిఫికేషన్ షీటును విడిగా చదివితే ఏమీ తేలదు. డ్రాయింగు ఏ వస్తువు ఎక్కడ, ఎంత కొలతలో ఉండాలో చెబుతుంది. స్పెసిఫికేషన్ అది ఏ రకం, ఏ నాణ్యత, ఎలా కట్టాలో చెబుతుంది. ఎస్టిమేటు ఎంత పరిమాణం, ఎంత డబ్బు అన్నది చెబుతుంది. మూడూ పక్కపక్కన పెట్టి చదవాలి.

చదవడం మొదలుపెట్టే ముందు ఇవి చేతిలో ఉన్నాయో లేదో చూసుకోండి:

- అనుమతి పొందిన ప్లాను కాపీ
- ఆర్కిటెక్టు డ్రాయింగులు
- స్ట్రక్చరల్ ఇంజినీర్ సంతకంతో ఉన్న డ్రాయింగులు, వాటి మూలలో ఉండే జనరల్ నోట్స్
- మట్టి పరీక్ష రిపోర్టు
- కాంట్రాక్టర్ కొటేషన్, స్పెసిఫికేషన్ షీటు, అగ్రిమెంటు ముసాయిదా

స్ట్రక్చరల్ డ్రాయింగు మూలలో చిన్న అక్షరాల్లో ఉండే జనరల్ నోట్స్‌ను చాలామంది చూడరు. కాంక్రీటు గ్రేడు, స్టీలు గ్రేడు, కవరు (చువ్వ మీద ఉండే కాంక్రీటు మందం), చువ్వల అతుకుల పొడవు అన్నీ అక్కడే ఉంటాయి. అసలు స్పెసిఫికేషన్‌లో సగం అదే. ముందు దాన్ని చదివి, తర్వాత కాంట్రాక్టర్ షీటు పట్టుకోండి.

## 2. రెండు కాగితాలు రెండు మాటలు చెబితే ఏది చెల్లుతుంది?

కాంక్రీటు గ్రేడు డ్రాయింగులో ఎం25 అని, కొటేషన్‌లో ఎం20 అని ఉంటుంది. ఇలాంటివి ప్రతి ఇంటికీ ఒకటో రెండో దొరుకుతాయి. ఏది పైచేయి అన్నది అగ్రిమెంటులో ముందే రాసుకోకపోతే, తక్కువ ఖర్చయ్యేదే చెల్లుతుందని కాంట్రాక్టర్ అంటాడు.

కేంద్ర ప్రజా పనుల శాఖ, అంటే సీపీడబ్ల్యూడీ, తన కాంట్రాక్టుల్లో ఈ వరస స్పష్టంగా పెట్టుకుంది. మొదట పనుల పట్టికలోని వివరణ. తర్వాత ఆ పనికి ప్రత్యేకంగా రాసిన స్పెసిఫికేషన్లు, ప్రత్యేక షరతులు. ఆ తర్వాత డ్రాయింగులు, సీపీడబ్ల్యూడీ సాధారణ స్పెసిఫికేషన్లు, చివరగా భారతీయ ప్రమాణాలు (ఐఎస్ నంబరుతో ఉండేవి).

సొంతింటికి మాత్రం నేను ఈ వరసను కొంచెం మార్చమంటాను. ఇంటి బలానికి సంబంధించిన విషయాల్లో స్ట్రక్చరల్ డ్రాయింగుదే చివరి మాట కావాలి. ఫినిషింగు విషయాల్లో స్పెసిఫికేషన్ షీటుది. అగ్రిమెంటులో ఇలా ఒక్క వాక్యం చేర్చండి:

"కాంక్రీటు, స్టీలు, పునాది విషయాల్లో స్ట్రక్చరల్ డ్రాయింగు చెల్లుతుంది, మిగతా పనుల్లో స్పెసిఫికేషన్ షీటు చెల్లుతుంది, రెండింటిలోనూ లేని పనికి సీపీడబ్ల్యూడీ స్పెసిఫికేషన్స్ 2019 వర్తిస్తాయి."

ఆ 2019 స్పెసిఫికేషన్లు రెండు సంపుటాలు. ఇంగ్లిష్‌లోనే ఉంటాయి కానీ ఏ పనికి ఆ పని విడిగా ఉండటం వల్ల కావలసిన పేజీ వెతుక్కోవడం కష్టం కాదు.

## 3. ఒక్కో లైనును ఐదు ప్రశ్నలు అడగండి

ఆ సంపుటాల్లో ప్రతి పనికీ సామగ్రి, పనితనం, కొలత, రేటు అనే వరస కనిపిస్తుంది. మనం చదవడానికి కూడా అదే పద్ధతి సరిపోతుంది. పెన్సిల్ పట్టుకుని ప్రతి లైను పక్కన ఈ ప్రశ్నలు వేసుకోండి:

1. ఏ వస్తువు?
2. ఏ గ్రేడు, ఏ మందం, ఏ ఐఎస్ నంబరు?
3. ఎలా చేయాలి?
4. సరిగ్గా అయిందని ఎలా చెక్ చేయాలి?
5. కొలత ఎలా, రేటులో ఏమేం కలిశాయి?

ఉదాహరణకు ఈ లైను చూడండి: "లోపలి గోడలకు మంచి సిమెంటుతో నున్నగా ప్లాస్టరింగు." ఐదు ప్రశ్నల్లో ఒక్కదానికీ ఇందులో జవాబు లేదు. అదే లైనును ఇలా మార్పించండి:

"లోపలి ఇటుక గోడలకు 12 మి.మీ. మందం, 1:6 సిమెంటు-ఇసుక పాళ్లతో ప్లాస్టరింగు. పీపీసీ (బూడిద వంటివి కలిపిన) సిమెంటు, జల్లెడ పట్టిన ప్లాస్టరింగు ఇసుక వాడాలి. కాంక్రీటు, గోడ కలిసే చోట చికెన్ మెష్ కొట్టాలి. కనీసం 7 రోజులు నీళ్లు పట్టాలి. రెండు మీటర్ల అల్యూమినియం పట్టీ ఆనిస్తే కింద 3 మి.మీ. మించి సందు ఉండకూడదు. కొలత ఐఎస్ 1200 ప్రకారం. పరంజీ, మెష్ ఖర్చు రేటులోనే."

ఇంత పొడుగు లైను చూసి కాంట్రాక్టర్ మొదట ఇబ్బంది పడొచ్చు. మంచి కాంట్రాక్టర్‌కు ఇది మేలే చేస్తుంది. తక్కువ రేటు చెప్పి పాళ్లు తగ్గించేవాడితో అతను పోటీ పడాల్సిన పని ఉండదు.

## 4. ఏమీ చెప్పని మాటలను ఏరేయండి

"స్టాండర్డ్ క్వాలిటీ", "బెస్ట్ క్వాలిటీ", "ఫస్ట్ క్లాస్". వీటిని కొట్టేసి గ్రేడు లేదా ఐఎస్ నంబరు రాయించండి.

"ఐఎస్ఐ మార్కు సిమెంటు, స్టీలు". ఈ రెండింటికీ ఆ మార్కు చట్టప్రకారం ఎలాగూ తప్పనిసరి. రాసినందువల్ల మీకు అదనంగా వచ్చేదేమీ లేదు. ఏ రకం సిమెంటు, ఏ గ్రేడు స్టీలు అన్నదే కావాలి. సరుకు దిగాక మార్కు అసలుదో కాదో చూడాలంటే, దాని మీదున్న లైసెన్సు నంబరును భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ వివరాలు వస్తాయి.

"ఫలానా కంపెనీ లేదా సమానమైనది". ఎక్కువ గొడవ దీని మీదే జరుగుతుంది. సమానమని ఎవరు తేల్చాలి? "సమానమైనది వాడాలంటే ముందుగా శాంపిల్ చూపించి, యజమాని రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి, ధర తక్కువైతే ఆ తేడా బిల్లులో తగ్గించాలి" అని చేర్చండి.

కంపెనీ పేరు మాత్రమే రాసి వదిలేయడం. ఒకే కంపెనీ పైపుల్లో, స్విచ్చుల్లో, కుళాయిల్లో చవకవీ ఉంటాయి, ఖరీదైనవీ ఉంటాయి. కంపెనీ పేరు పక్కన మోడల్ లేదా సిరీస్ ఉండాలి. టైల్స్‌కు అయితే "చదరపు అడుగుకు మూల ధర ఇంత వరకు" అని రాసి, రవాణా, పన్ను అందులో ఉన్నాయో లేదో కూడా రాయాలి.

"అవసరమైన చోట". ఎవరికి అవసరం అనిపించిన చోట? గదుల పేర్లు రాయించండి.

## 5. తవ్వకం, పునాది లైన్లు

హైదరాబాద్‌లో ఎక్కువమంది బడ్జెట్ తప్పేది ఇక్కడే. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు గ్రానైటు గుండ్లు పైకే కనిపిస్తాయి. వేరే చోట్ల నాలుగడుగులు తవ్వాక తగులుతాయి. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు నల్లరేగడి రావచ్చు. తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే ఆ నేలలో మామూలు పునాది పనికిరాదు. చెరువుల పక్కన ఎప్పుడో నింపిన మట్టి మీద ప్లాటు ఉంటే అది ఇంకో సమస్య.

"ఫుటింగులకు తవ్వకం" అని ఒక్క ముక్క రాసి ఉంటే సంతకం పెట్టకండి. మట్టి, మెత్తరాయి, గట్టిరాయి అని మూడు రేట్లు విడివిడిగా ఉండాలి. ఇళ్ల మధ్య గట్టిరాయిని బ్రేకరుతో కొట్టాల్సి వస్తుంది. దాన్ని గంట లెక్కన కడతారా, ఘనపు మీటరు లెక్కనా అన్నది ముందే తేల్చుకోండి. నేనైతే ఘనపు మీటరే ఎంచుకుంటాను, గుంతను టేపుతో కొలవొచ్చు కాబట్టి.

ఈ విభాగంలో ఉండాల్సినవి:

- ఎంత లోతు దాకా రేటులో కలిసింది, ఆ పైన ఎంత
- మిగిలిన మట్టి, రాయి బయటకు తరలించే ఖర్చు ఎవరిది
- బేస్‌మెంటు లోపల నింపే మొరం పొరకు 20 సెం.మీ. మించకుండా, ప్రతి పొరా తడిపి దిమ్మిస ఆడించాలన్న మాట
- చెదలు రాకుండా మందు కొట్టడం, దానికి ఐఎస్ 6313 ప్రస్తావన

## 6. కాంక్రీటు, స్టీలు: ఇక్కడ తొందర వద్దు

గ్రేడు. ఎం20 అంటే 28 రోజులకు 150 మి.మీ. ఘనం చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల ఒత్తిడి తట్టుకోవాలని లెక్క. ఐఎస్ 456 ప్రకారం ఆర్‌సీసీకి, అంటే చువ్వలు వేసిన కాంక్రీటుకు, కనీసం ఇదే. అయితే అదే ప్రమాణం నేలలో ఉండే, వానకు తడిసే కాంక్రీటును వేరే తరగతిలో పెట్టి, దానికి కనీసం ఎం25 అడుగుతుంది. చాలా షీట్లలో ఇంటి మొత్తానికీ కలిపి ఎం20 అని రాసేస్తారు. ఫుటింగులకు, కాలమ్స్‌కు, స్లాబుకు విడివిడిగా ఏ గ్రేడో మీ స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను అడిగి రాయించండి.

పాళ్లు. షీటులో ఎం20 అని రాసి, సైటులో మిల్లరు (మాలు కలిపే యంత్రం) దగ్గర సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 కలిపేయడం తరచూ జరిగే పొరపాటు. 1:2:4 అంటే ఎం15. ఎం20కి నామినల్ మిక్స్, అంటే ల్యాబు డిజైన్ లేకుండా స్థిరమైన పాళ్లతో కలిపేది, 1:1.5:3. పైగా ఐఎస్ 456 నామినల్ మిక్స్‌ను ఎం20 వరకే ఒప్పుకుంటుంది. ఎం25 కావాలంటే ల్యాబులో చేయించిన మిక్స్ డిజైన్ ఉండాలి, లేదా రెడీమిక్స్ తెప్పించాలి.

నీళ్లు. ఎం20 నామినల్ మిక్స్‌లో 50 కిలోల బస్తాకు 30 లీటర్లు మించకూడదు. మాలు జారుగా ఉంటే పని తేలికని మేస్త్రీలు నీళ్లు పెంచుతారు. బలం తగ్గేది అక్కడే. కొలత బకెట్ పెట్టాలన్న మాట కూడా షీటులో రాయించండి. బోరు నీళ్లు వాడుతుంటే ఒకసారి పరీక్ష చేయించండి: ఆర్‌సీసీకి క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, పీహెచ్ 6 కంటే తగ్గకూడదు.

రెడీమిక్స్. చలానా మీద గ్రేడు, ప్లాంటులో కలిపిన సమయం చూడాలి. ఐఎస్ 4926 ప్రకారం లోడు చేసిన 2 గంటల్లోపు దించాలి; గట్టిపడటం ఆలస్యం చేసే రసాయనం కలిపితే ఆ గడువును సరఫరాదారు రాసివ్వాలి. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న లారీ వచ్చాక అందులో పైపు పెట్టి నీళ్లు కొట్టనివ్వకండి.

ఇసుక. నగరంలో ఇప్పుడు రోబో శాండ్ (రాయిని పిండి చేసి తీసే ఇసుక) వాడకం మామూలైంది. ఐఎస్ 383:2016 దాన్ని ఒప్పుకుంటుంది, భయపడాల్సిన పని లేదు. కాకపోతే కాంక్రీటు రోబో శాండ్ వేరు, ప్లాస్టరింగుది వేరు, క్రషర్ డస్ట్ వేరు. మూడో దాన్ని మొదటి దాని పేరుతో దించుతుంటారు. షీటులో ఏ పనికి ఏది అని విడిగా ఉండాలి.

స్టీలు. "500 గ్రేడు టీఎంటీ" అంటే సరిపోదు. ఐఎస్ 1786లో ఎఫ్ఈ 500, ఎఫ్ఈ 500డీ రెండూ ఉన్నాయి. సాగే గుణం మొదటి దానికి కనీసం 12 శాతం, రెండో దానికి 16 శాతం. డ్రాయింగులో ఏది ఉందో అదే షీటులోనూ ఉండాలి.

తూకం మీరే చూసుకోవచ్చు. చువ్వ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 మి.మీ. చువ్వకు 0.888 కిలోలు, 12 మీటర్ల నిండు పొడవుకు సుమారు 10.66. అది 10 కిలోలకు తగ్గిందంటే ఆ లోడు వెనక్కి పంపండి.

కవరు. చువ్వకు, కాంక్రీటు బయటి అంచుకు మధ్య దూరం. మామూలుగా డ్రాయింగుల్లో స్లాబుకు 20, బీముకు 25, కాలమ్‌కు 40, ఫుటింగుకు 50 మి.మీ. కనిపిస్తాయి. మీ డ్రాయింగులో ఎంత ఉంటే అంతే. రాతిముక్కలు, టైలు పెంకులు కాకుండా కవర్ బ్లాకులే వాడాలని రాయించండి.

నీళ్లు పట్టడం, సెంట్రింగు విప్పడం. ఓపీసీ (ఏమీ కలపని మామూలు సిమెంటు) అయితే కనీసం 7 రోజులు, పీపీసీ అయితే 10 రోజులు తడి ఆరకూడదు. ఏప్రిల్, మే ఎండల్లో ఇంకొన్ని రోజులు పెంచినా మంచిదే. స్లాబు కింది పోట్లు (ఆసరా కర్రలు) 4.5 మీటర్ల వరకు ఉన్న స్పాన్‌కు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. బీములకు 6 మీటర్ల వరకు 14, ఆ పైన 21. పీపీసీ వాడితే ఇంజినీర్‌ను అడిగి విప్పండి.

క్యూబు పరీక్ష, అంటే కాంక్రీటు ఘనాలను నొక్కి బలం చూడటం. పోసే కాంక్రీటు 5 ఘనపు మీటర్ల వరకు ఉంటే ఒక శాంపిల్, 6 నుంచి 15 వరకు రెండు, 16 నుంచి 30 వరకు మూడు. ఒక్కో శాంపిల్‌కు మూడు క్యూబులు. "పరీక్షలు చేయిస్తాం" అన్నది చాలదు. ఖర్చు ఎవరిది, ఏ ల్యాబులో, ఫెయిలైతే ఏం చేస్తారు అనేవి కూడా ఉండాలి.

## 7. గోడలు, వాటర్‌ప్రూఫింగు

9 అంగుళాల గోడకు 1:6, నాలుగున్నర అంగుళాల గోడకు 1:4 పాళ్లు మామూలు. ఇటుకను 24 గంటలు నానబెడితే పీల్చే నీరు దాని బరువులో 20 శాతం మించకూడదు; పొడి ఇటుకను తూచి, నానబెట్టి మళ్లీ తూస్తే తెలిసిపోతుంది. ఏఏసీ (తేలికపాటి కాంక్రీటు) బ్లాకులు అయితే ఐఎస్ 2185 మూడో భాగం రాయించండి.

వాటర్‌ప్రూఫింగు దగ్గర కెమికల్ పేరు రాసి వదిలేస్తారు. ఎన్ని కోట్లు, గోడ మీదకు ఎంత ఎత్తు, నీరు పోయే వాలు ఎంత, గ్యారంటీ ఎన్నేళ్లు అనేవి కావాలి. బాత్రూముల్లో, టెర్రస్ మీద 48 గంటలు నీళ్లు నిలిపి కింద తడి కనిపించకపోతేనే టైల్స్ మొదలుపెట్టాలని షరతు పెట్టండి. షీటు మొత్తంలో ఒక్క లైను మాత్రమే మార్పించగలిగితే నేను ఇదే మార్పిస్తాను.

## 8. కరెంటు, పైపులు, తలుపులు, రంగులు

ఇవి చూడటం తేలిక, జాబితా చాలు.

- రాగి వైర్లు, ఐఎస్ 694. లైట్లకు 1.5, పవర్ ప్లగ్గులకు 2.5, ఏసీ, గీజర్లకు 4 చదరపు మి.మీ.
- 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (షాక్ కొట్టకుండా కరెంటు ఆపే పరికరం), ఎర్తింగు గుంతలు ఎన్ని
- గది వారీగా పాయింట్ల సంఖ్య, "అవసరమైనన్ని" కాదు
- వేడి నీళ్లకు సీపీవీసీ, ఐఎస్ 15778; మురుగుకు ఎస్‌డబ్ల్యూఆర్, ఐఎస్ 13592
- తడి తగిలే చోట ప్లైవుడ్ అయితే ఐఎస్ 710
- లప్పం ఎన్ని కోట్లు, ప్రైమర్ ఎన్ని, రంగు ఎన్ని
- పార్కింగుకు షాబాద్ బండలా, తాండూరు బండలా, పార్కింగు టైల్సా, మందం ఎంత

## 9. కొలత పద్ధతి

అడుగు లెక్కన మాట్లాడుకుంటే ఏ అడుగు అన్నది రాయాలి. స్లాబు ఏరియానా? బాల్కనీ, మెట్ల పైన హెడ్‌రూమ్, సజ్జలు కలుస్తాయా? సంపు, సెప్టిక్ ట్యాంకు, కాంపౌండ్ వాల్, బోరు, కరెంటు మీటరు లోపలా, బయటా? "రేటులో లేనివి" అని విడిగా ఒక జాబితా అడగండి. అది ఇవ్వడానికి తటపటాయిస్తే ఎక్స్‌ట్రాల బిల్లు పెద్దదే వస్తుందనుకోండి.

ప్లాస్టరింగు విడిగా కొలిచి కడుతుంటే ఐఎస్ 1200లో ఖాళీల (తలుపులు, కిటికీల) లెక్క ఉంది. అర చదరపు మీటరు వరకు ఖాళీని తీసేయరు. అంతకు మించి 3 చదరపు మీటర్ల వరకు ఒకవైపే తీసేస్తారు. 3 దాటితే రెండు వైపులా తీసేసి అంచులు కలుపుతారు. మూడడుగులు, ఏడడుగుల తలుపు రెండో కోవలోకి వస్తుంది. ఇది తెలియక యజమాని ఖాళీలన్నీ తీసేయమనడం, మేస్త్రీ ఏదీ తీయననడం రోజూ జరిగే తగాదా.

## 10. సైటులో: కప్పేయకముందే చూడండి

పని కప్పేశాక స్పెసిఫికేషన్ చేతిలో ఉన్నా ఉపయోగం తక్కువ. అగ్రిమెంటులో ఈ నాలుగు చోట్ల పని ఆపి చూపించాలని, యజమాని లేదా ఇంజినీర్ సంతకం లేకుండా ముందుకు వెళ్లకూడదని రాయించండి:

1. ఫుటింగులో చువ్వలు కట్టాక, కాంక్రీటుకు ముందు
2. స్లాబు చువ్వలు, కరెంటు పైపులు పరిచాక, కాంక్రీటుకు ముందు
3. గోడల్లో వైరు పైపులు, నీళ్ల పైపులు వేసి ప్రెషర్ టెస్ట్ చేశాక, ప్లాస్టరింగుకు ముందు
4. వాటర్‌ప్రూఫింగు అయ్యాక, టైల్స్‌కు ముందు

ప్రతి చోటా టేపు పెట్టి ఫొటోలు తీయండి. చెల్లింపులను కూడా తేదీలకు కాకుండా ఈ మెట్లకు కట్టండి. సిమెంటు బస్తా మీద ప్యాకింగు వారం, నెల చూడండి. 3 నెలలు దాటినది పరీక్ష లేకుండా వాడనివ్వకండి.

## 11. ఫ్లాటు కొనేవాళ్లకు

ఇక్కడ మీరు షీటు రాయించలేరు, చదవగలరు. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం ప్రకారం ఆమోదం పొందిన ప్లాన్లతో పాటు స్పెసిఫికేషన్లను కూడా బిల్డర్ అందుబాటులో ఉంచాలి. అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రిజిస్టర్ కాకుండా ఫ్లాటు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఆ 10 శాతం కట్టే ముందే అగ్రిమెంటు ముసాయిదా అడిగి, స్పెసిఫికేషన్ల షెడ్యూలు పైన చెప్పిన ఐదు ప్రశ్నలతో చదవండి.

14వ సెక్షన్ ప్రకారం చెప్పిన ఫిట్టింగులు, సౌకర్యాలను మీ అంగీకారం లేకుండా మార్చకూడదు. అప్పగించిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం మీరు తెలియజేస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఈ హక్కు వాడుకోవాలంటే మొదట ఏం ఇస్తామన్నారో రాతలో ఉండాలి. బ్రోచర్ కూడా దాచుకోండి. తప్పుడు ప్రకటన నమ్మి నష్టపోతే పరిహారం అడిగే వీలు 12వ సెక్షన్‌లో ఉంది.

500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు, మించని స్థలంలో కట్టినా, 8 ఫ్లాట్లు మించకపోయినా రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కాలనీల్లో 200, 300 గజాల్లో లేచే చిన్న అపార్ట్‌మెంట్లు ఎక్కువగా ఈ కోవలోవే. అక్కడ కొంటుంటే సొంతిల్లు కట్టించుకున్నట్టే షీటును పట్టుబట్టి రాయించుకోండి.

## 12. ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే

పాత అగ్రిమెంటు చించక్కర్లేదు. ఇంకా మొదలుకాని పనులు మాత్రం ఏరి, ఒక్కోదానికి ఐదు ప్రశ్నల జవాబులతో ఒక అనుబంధ పత్రం రాయండి. రేటు ఎక్కడ పెరుగుతుందో కాంట్రాక్టర్‌ను అక్కడే వేయమనండి. పాత అగ్రిమెంటు తేదీని ప్రస్తావించి, రెండు కాపీల మీద ఇద్దరూ ప్రతి పేజీలో సంతకం చేయండి.

పని మధ్యలో వచ్చే మార్పులకూ ఇదే దారి. వాస్తు కోసం వంటగది గోడ జరిపినా, టైలు మార్చినా ఆ రోజే వాట్సాప్‌లో మార్పు, రేటు తేడా, గడువు తేడా మూడూ రాసి పంపండి. అవతలి నుంచి "సరే" అని రాతలో వచ్చాకే పని మొదలుపెట్టనివ్వండి.